తప్పెట మోగిన రోజున తేటనీళ్లు

అనగనగా ఒక ఏరు, పేరు తెల్లేరు. ఆ ఏటి ఒడ్డున రంగవాడ అనే పట్నం. పట్నం నిండా బట్టల అద్దకపు శాలలు, రాగి కొలుములు.

శాలల రంగునీళ్లు ఏటిలో కలిసేవి. కొలుముల పొగ ఊరి మీద కమ్మేది. ఈ సంగతి విని రాజు ఒక ఆజ్ఞ వేశాడు. రంగునీళ్లను గుంటల్లో తేర్చి గానీ ఏటిలో వదలకూడదు. పొగను తడి ఇసుక గదుల్లో వడకట్టి గానీ పైకి పంపకూడదు. ఆజ్ఞ నడుస్తున్నదో లేదో చూడడానికి గుణదత్తుణ్ణి అధికారిగా నియమించాడు.

శాల కాలువ నీళ్లు కుండలో పట్టి అందులో చేపపిల్లను వదలాలి. కొలిమి పక్కన తెల్లగుడ్డ కట్టాలి. చేప ఈదితే, గుడ్డ మాయకపోతే, తలుపు మీద రాజముద్ర వేయాలి. ఇదీ గుణదత్తుడి పని.

ఆయన లంచం ముట్టే మనిషి కాడు. కానీ మర్యాద మీద మహా మోజు. పల్లకి ముందు తప్పెట మోగితే తప్ప కదిలేవాడు కాదు. ఆ తప్పెట వీధి చివర వినబడగానే శాలలకూ కొలుములకూ యజమాని అయిన ధనపాలుడు రంగుతొట్ల మూతలు బిగించి, కాలువలో బావినీళ్లు పారించేవాడు. కొలుములు చల్లార్పించేవాడు. చేప హాయిగా ఈదేది. ముద్ర పడేది.

ఒకనాడు జాలరి గంగులు పల్లకికి ఎదురొచ్చాడు.

“దొరా, మీ తప్పెట మోగితే మా చేపలకు పండగ. అది ఆగిందంటే వెల్లకిలా తేలతాయి. ఒక్కసారి చడీచప్పుడు లేకుండా రండి.”

“అధికారి దొంగలా రావాలా?” అని గుణదత్తుడు పల్లకి తెర దించుకున్నాడు.

మరొకనాడు చాకలి పోలమ్మ మసిపట్టిన పంచె పట్టుకొచ్చింది.

“ఉతికి ఆరేసిందే బాబూ. మీరొచ్చిన రోజున తప్ప తెల్లగా ఆరదు. రోజూ వస్తూ ఉండండి, నాకు సగం చాకిరీ తగ్గుతుంది.”

బోయీలు నవ్వు ఆపుకున్నారు. గుణదత్తుడికి మనసులో ముల్లు గుచ్చుకుంది. అయినా, ‘నేను చూసినప్పుడు బాగానే ఉంది కదా’ అని సర్దుకున్నాడు.

దీపావళి వెళ్లిన విదియ వచ్చింది. అన్నదమ్ములు తోబుట్టువు చేతి భోజనం తినే రోజు. గుణదత్తుడి చెల్లెలు నీలవేణి ఏటికి దిగువ పల్లెలో ఉంటుంది. ఆయన తప్పెట లేకుండా, ఒంటరిగా నడిచి వెళ్లాడు.

చెల్లెలు విస్తరి వేసి, చెంబుతో నీళ్లు పెట్టింది. నీళ్లలో ఎర్రని జీర. పక్కనే మేనకోడలు కూర్చుంది. దాని చేతుల నిండా పొక్కులు.

“ఇదేమిటమ్మా?” అన్నాడు.

“నా వంటలోనే ఏదో లోపం ఉంది అన్నయ్యా. నీళ్లవల్ల అని ఊళ్లో వాళ్లంటే నేను ఒప్పుకోలేదు. మా అన్న ముద్ర వేసిన నీళ్లు, నిశ్చింతగా తాగండి అని అందరికీ చెప్పాను. తాగు.”

ఆయన చెంబు ఎత్తాడు. నోటిదాకా తెచ్చి దించేశాడు.

“మామయ్య తాగడేమమ్మా?” అంది పిల్ల.

గుణదత్తుడు లేచి, ఆ చెంబెడు నీళ్లూ పెరట్లో పారబోశాడు.

మరునాడు కాలినడకన, కుండ చంకన పెట్టుకుని శాలకు వెళ్లాడు. కాలువ ఎర్రగా పారుతోంది. కుండలో చేప ఒక్కసారి కొట్టుకుని తేలిపోయింది. కొలిమి దగ్గర గుడ్డ నల్లబడింది.

ధనపాలుడు పరుగున వచ్చాడు. “అయ్యా, తప్పెట వినబడలేదే!”

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. గుణదత్తుడు తన ముద్రను తానే చెరిపి, శాల మూయించి, రాజు ముందు నిలిచాడు.

“ప్రభూ, ధనపాలుడు దాచాడు. నేను తెలిసీ చూడలేదు. ఈ పదవికి నేను తగను.”

“తప్పుకుంటే నీకు తేలిక. నీళ్లు తాగేవాళ్లకు ఒరిగేదేముంది?” అన్నాడు రాజు. “ధనపాలుడు గుంటలు తవ్వి, ఇసుక గదులు కట్టేదాకా శాలలు, కొలుములు తెరవకూడదు. నువ్వు ఉండి సరిదిద్దు. ఇకమీద తప్పెట తనిఖీకి ముందు కాదు, తరువాత మోగాలి. చూసినదేమిటో ఊరంతా వినాలి.”

అలాగే జరిగింది. మరుసటి సంవత్సరం దీపావళి విదియకు తెల్లేరు తేటపడింది. చెల్లెలు నీళ్లు పెడితే గుణదత్తుడు చెంబెడూ తాగాడు. కానీ పిల్ల చేతుల మీది మచ్చలను మాత్రం చూడలేకపోయాడు.

తెలిసీ కళ్లు మూసుకున్న కావలివాడు, తప్పు చేసినవాడితో సమానమైన దోషి.