గాలిపెట్టె ముక్కు మూసిన నక్క

పట్నం చివర చెత్తయార్డు. దాని పక్క ఖాళీ స్థలంలో గాలిని కొలిచే పెట్టె ఒకటి ఉండేది. దాన్ని కనిపెట్టుకుని ఉండటం గాడిద పోలయ్య ఉద్యోగం. పెద్ద ఉద్యోగమేం కాదు లెండి, బోర్డు చూడటం, ఓండ్రపెట్టడం, అంతే.

ఆ పెట్టెకి నెత్తిమీద ఓ గొట్టం, అదే దాని ముక్కు. రోజంతా గాలి పీల్చి, అందులోని దుమ్ము ఎంతో లోపల లెక్కగట్టి బోర్డు మీద అంకె వేస్తుంది. అంకె పచ్చగా ఉంటే పోలయ్య ఒక్కసారి ఓండ్రపెడతాడు, పిల్లలు ఆడుకోవచ్చు. ఎర్రబడితే రెండుసార్లు. అప్పుడు పిల్లలంతా షెడ్డులోకి దూరతారు, గేదెలు బురదగుంటలోంచి లేచొచ్చి చెత్తమీద పొర్లి మంట ఆర్పేస్తాయి.

నక్క సత్తెయ్యకి ఇది బొత్తిగా గిట్టేది కాదు. చెత్తకి నిప్పంటిస్తే పొగకి తాళలేక ఎలుకలు బయటికొస్తాయి. అదే అతగాడి ఫలహారం. నాలుగు ఎలుకలైనా నోట్లో పడకముందే ఈ గేదెల గోలేమిటి?

ఓ బుధవారం బోర్డు మీద పచ్చగా తొమ్మిది అని పడింది. పోలయ్య కళ్లు చికిలించి చూశాడు. జోరువాన కురిసిన రోజు కూడా పాతికకి తగ్గలేదే! పైగా యార్డు మీద పొగ కనబడుతూనే ఉంది. "బోర్డు చెప్పాక కాదనడానికి నేనెవర్ని?" అనుకుని ఒక్కసారి ఓండ్రపెట్టాడు.

మేక గౌరక్క కూతురు చిన్నికి మొదట్నుంచీ ఆయాసం. ఆడుకోవడానికి వెళ్లిన గంటకల్లా ఊపిరందక కూలబడింది, గొంతులో పిల్లికూతలు.

"నీ కూత నమ్మి పంపాను కదయ్యా పోలయ్య మామా! పిల్లకేమన్నా అయితే ఎవరిదయ్యా పూచీ?" అని గౌరక్క భోరుమంది.

పోలయ్య చిన్నిని వీపుమీద వేసుకుని, పొగ రాని వైపు, బురదగుంట అవతలికి పరుగెత్తాడు. అక్కడ పిల్ల కాస్త తేరుకుంది. వెంటనే కాకి రంగమ్మని పెట్టె మీదికి పంపాడు.

"మామోయ్! ముక్కుకి తడిగోనె చుట్టారు! దుమ్మంతా గోనెకే అంటుకుంటే పెట్టెకేం తెలుస్తుంది?"

"ఎవడి పనో తెలుసులే. వాడి నోటితోనే చెప్పిస్తా. గోనె అలాగే ఉంచు. పిల్లల్ని మాత్రం గుంట దాటి యార్డు వైపు రానివ్వకు."

మర్నాడు పొద్దున్నే పోలయ్య అందర్నీ పిలిచాడు. "మన గాలి అంకె తొమ్మిదండీ, తొమ్మిది! ఇంత మంచిగాలి తెచ్చిన మహానుభావుడికి ఈ పూట సన్మానం. ఎవరండీ ఆయన?"

సత్తెయ్య తోక దానంతటదే ఊగింది. "అబ్బే, నాదేముంది... ఏదో నా చేతనైంది చేశాను."

"ఏం చేశావేంటి?" అంది ముసలి గేదె.

"రోజూ తోకతో గాలి విసురుతానమ్మా."

చప్పట్లే చప్పట్లు! పాత సోఫా ఒకటి లాక్కొచ్చి, తెల్లారగట్లే సత్తెయ్య అంటించిన కుప్ప పక్కన, సరిగ్గా పొగ కొట్టే వైపు వేశారు. సిమెంటు సంచి శాలువా కప్పారు. క్యాబేజీ ఆకుల దండ వేశారు, అందులో సగం గౌరక్కే నమిలేసింది. జనమంతా పొగ రాని అవతలివైపు కూర్చున్నారు. పోలయ్య ఉపన్యాసం మొదలెట్టాడు. గాడిద ఉపన్యాసం కదా, ఓ పట్టాన తెమిలేది కాదు.

సత్తెయ్య కళ్లవెంట ధారలు.

"ఆనందబాష్పాలర్రా! ఎంత వినయమో!" అంది ముసలి గేదె.

"పోలయ్య బావా, ఖళ్ ఖళ్... కాస్త అటు జరుగుతాను."

"ఎందుకు బావా? తొమ్మిదేగా! గట్టిగా పీల్చు, నీ గాలే!"

"తొమ్మిదీ లేదు, నా మొహమూ లేదు! పొగ బాబోయ్!"

"బోర్డు పచ్చగా ఉందే మరి?"

"అదంతా ఒట్టిది! ముక్కుకి గోనె కట్టింది నేనే! విప్పండి, గేదెల్ని పిలవండి, చచ్చిపోతున్నా!"

రంగమ్మ గోనె లాగేసింది. పెట్టె ఊపిరి పీల్చుకుంది. కాసేపట్లోనే అంకె ఎనభై, నూట అరవై, మూడువందల పది. బోర్డు ఎర్రబడింది. పోలయ్య రెండుసార్లు ఓండ్రపెట్టాడు. గేదెలు పరుగున వచ్చి కుప్పమీద పొర్లాయి. సోఫా మీదా పొర్లాయి. శాలువాతో సహా సత్తెయ్య మీదా పొర్లాయి.

మంట ఆరాక పోలయ్య తల వంచుకుని, "నా తప్పూ ఉంది గౌరక్కా. పొగ కళ్లెదుటే ఉన్నా అంకె చూసి నోరెత్తాను" అన్నాడు.

"పిల్ల బతికింది, అది చాల్లే మామా" అంది గౌరక్క.

బురదలోంచి లేచిన సత్తెయ్య దగ్గుకుంటూ, కుంటుకుంటూ పోతుంటే ఎలుకలు దారికి అటూఇటూ నిలబడి చప్పట్లు కొట్టాయి.

నీతి: కొలిచే ముక్కు మూస్తే అంకె తగ్గుతుందేమో గానీ, పీల్చే ముక్కుకి పొగ తగ్గదు.