మారు వడ్డన

ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి బదులు లేచి చెప్పులు వేసుకోవడం తాయారమ్మగారి అలవాటు. విశాఖపట్నంలో ఇళ్ళూ మేడలూ ఎలా కట్టాలో నేర్పే కళాశాలలో ఆవిడ ముప్పై రెండేళ్ళు పాఠం చెప్పారు. ఇంట్లోకి గాలి ఎటునుంచి రావాలండీ అని ఒకసారి ఎవరో అడిగితే, తరగతినంతటినీ వెంటబెట్టుకుపోయి జాలరిపేటలో ఒక తాటాకింటి అరుగు మీద మధ్యాహ్నమంతా కూర్చోబెట్టారు. ఆ అరుగు మీద నిద్రపోయినవాళ్ళకి జవాబు తెలిసింది. మేలుకుని కాగితాల మీద రాసుకున్నవాళ్ళకి తెలియలేదు.

ఇప్పుడావిడకి ఎనభై రెండు. మాట మధ్యలో దారి తప్పుతున్నారు. మరిచిపోకూడని పని ఉంటే చీర కొంగుకి ఒక ముడి వేసుకుంటారు, పని కాగానే విప్పేస్తారు. తీరిపోయిన పనికి ముడి ఉంచడం ఆవిడకి గిట్టదు. ఈ మధ్య కొన్ని సాయంత్రాలు కొంగున ముడి మిగులుతోంది, అది ఎందుకు వేశారో మాత్రం మిగలడం లేదు. అలాంటప్పుడు దాన్ని వేళ్ళతో తడుముతూ కూర్చుంటారు, సంతలో చెయ్యి వదిలేసిన పిల్లని వెతుక్కుంటున్నట్టు.

ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళలో వకుళ ఒకతె. చదువు ముగిసి పాతికేళ్ళయినా ప్రతి ఆదివారం వచ్చి గురువుగారి దగ్గర కాసేపు కూర్చుని వెళుతుంది. భీమిలి దాటాక సముద్రం మీదికి వంగినట్టుండే ఒక కొండ మీద వకుళ పెద్ద హోటల్ కట్టింది. ఆరేళ్ళు పట్టింది. దాని ఫోటోలు పత్రికల్లో పడ్డాయి, ఢిల్లీ నుంచి బహుమతి వచ్చింది. అన్నీ వచ్చాయి గాని తాయారమ్మగారు మాత్రం ఇంకా దాన్ని చూడలేదు. ఆవిడ చూడాలి, అది తన శిష్యురాలు కట్టిందన్న ఎరుక ఉండగానే చూడాలి, చూసి "బాగుందే" అని ఒక్క మాట అనాలి. ఆ మాట కోసం వకుళ మొహం వాచి ఉంది. కిందటి నెలలో ఆవిడ తనని రెండుసార్లు "రమణీ" అని పిలిచారు. రమణి ఆవిడ చెల్లెలు, పోయి ఇరవయ్యేళ్ళు. అప్పటినుంచి వకుళకి సరిగా నిద్ర పట్టడం లేదు.

ఒక ఆదివారం ఉదయం ఆమె అడిగింది.

"అమ్మగారూ, వచ్చినవాళ్ళంతా నోరు తెరుచుకుని చూస్తారు. ఫోటోలు తీసుకుంటారు, వెళ్ళిపోతారు. మళ్ళీ ఒక్కరూ రారు. ఈత కొలను మీద గాజు వంతెన వేద్దామంటున్నాడు యజమాని. నేనేం తక్కువ చేశానండీ? ఇంకా ఏం చేరిస్తే వస్తారు?"

తాయారమ్మగారు కొంగుకి ముడి వేసుకున్నారు.

"ఇదెందుకండీ?"

"నువ్వు కట్టింది చూడాలిగా. దారిలో మరిచిపోతానని," అని చెప్పులు వేసుకున్నారు.

అది నిజంగా అందమైన కట్టడం. ఆ మాట చెప్పకపోతే కథకి న్యాయం జరగదు. ఎర్రరాతి గోడలు. గుమ్మంలోంచి చూస్తే ఉతికి ఆరేసిన నీలం చీరలాగా సముద్రం. గోడల్లో అక్కడక్కడ ఇటుకలు కన్నాలు వదిలి పేర్చారు. వాటిలోంచి ఎండ నేల మీద ముగ్గులాగా పడుతుంది. పొద్దు నడిచిన కొద్దీ ఆ ముగ్గూ నడుస్తుంది. సరిగ్గా భోజనాల వేళకి అది భోజనశాలలోకి వచ్చి కంచాల చుట్టూ పరుచుకోవాలని వకుళ రెండేళ్ళు లెక్కలు కట్టింది. తాయారమ్మగారు కారు దిగి గోడకి అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. వకుళ ఆవిడ పెదాలవైపే చూసింది.

"చల్లగా ఉంది," అన్నారావిడ. అంతే.

ముందు ఇరవై మెట్లు. ఆవిడ తలెత్తి చూసి, "ఇవి మనుషుల కోసం కట్టావా, కొండదేవుడి కోసం కట్టావా?" అన్నారు. పైన తలపాగాలు చుట్టుకున్న ఇద్దరు మగవాళ్ళు, కొలత తీసినట్టు సమానంగా వంగి దండం పెట్టారు. ఆవిడ ఒక్కొక్క మెట్టూ ఎక్కి వచ్చేదాకా అలాగే చేతులు జోడించి నిలబడ్డారు. జోడించిన చేతుల్లో ఒక్కటీ ముందుకి రాలేదు.

లోపల బల్ల వెనక నిలబడ్డ అమ్మాయి కంప్యూటర్ లోంచి తల ఎత్తలేదు. "మేడమ్, సిస్టమ్‌లో మీ పేరు చూపించట్లేదు."

"నా పేరు నాకే అప్పుడప్పుడు చూపించదమ్మా. కూర్చోడానికి చోటు చూపించు చాలు."

కూర్చోడానికి అక్కడేమీ లేదు. మొదటి ప్లానులో ఆ చోట ఒక రాతి అరుగు ఉండేది. అది ఉంటే గుమ్మంలోంచి సముద్రం సగమే కనపడుతోందని వకుళే తీయించింది. పేరు దొరికేదాకా పావుగంట సేపు తాయారమ్మగారు శిష్యురాలి భుజం పట్టుకుని నిలబడ్డారు. సముద్రం మొత్తం కనపడుతూనే ఉంది.

భోజనశాలలోకి వచ్చేసరికి వెలుగు ముగ్గు వేళ తప్పకుండా వచ్చి ఉంది. ఇద్దరూ కూర్చున్నారు. ఎదురు గోడ మీద తామరపువ్వు చెక్కిన పలక ఒకటి చప్పుడు లేకుండా తెరుచుకుంది. అందులోంచి ఒకామె వచ్చి ఇత్తడి కంచాలు పెట్టి, మళ్ళీ అందులోకే వెళ్ళిపోయింది. మూసుకున్నాక అక్కడ తలుపుందని ఎవరూ చెప్పలేరు. వంటింటి చప్పుడు, పోపు ఘాటు, గిన్నెలు మోసే మనుషులు, ఇవేవీ ఈ హాల్లో కనపడకూడదని వకుళ చేసిన ఉపాయం అది. ఆ పలకంటే ఆమెకి ప్రాణం.

కంచంలో అన్నం శంఖం ఆకారంలో అచ్చుపోసి ఉంది. చుట్టూ పది చిన్న గిన్నెలు. తాయారమ్మగారు శంఖాన్ని చిదిపి నెయ్యి వేసుకున్నారు. నెయ్యి కరగలేదు, పూసలాగా అలాగే నిలబడింది. కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నారు. శంఖం అయిపోయింది. చెయ్యి కంచంలో ఉంచి తల ఎత్తి కూర్చున్నారు.

మారు కోసం. తెలుగువాళ్ళ భోజనంలో అన్నం ఒకసారి పెట్టి ఊరుకోరు. రెండోసారి వడ్డించాలి. మారు లేకుండా లేచినవాడు అలిగి లేచినట్టే. వడ్డించేవాళ్ళకది తలవంపు.

"ఇంకాస్త అన్నం తెప్పించనా అండీ?"

"మారు అడిగి పెట్టించుకునేది కాదే. వస్తారులే."

ఎవరూ రాలేదు. వకుళ బల్ల మీది గంట నొక్కింది. ఎర్రదీపం వెలిగి ఆరింది. ముగ్గు కంచం మీంచి జరిగి తాయారమ్మగారి ఒడిలోకి దిగింది. ఆవిడ వేళ్ళ మధ్య పప్పన్నం ఎండి సుద్దపొడిలాగా తెల్లగా పొరలు కట్టింది. ఆ ఎండిన చెయ్యి చూస్తుంటే వకుళకి ఎప్పటి సంగతో గుర్తొచ్చింది.

ఏటేటా తరగతి మొదటి రోజున తాయారమ్మగారు నల్లబల్ల మీద ఒకే ఇంటి ప్లాను గీసేవారు. ఆవిడ చదువుకున్నప్పుడు ఆడపిల్లలకి హాస్టలు లేదు. రెండేళ్ళు పూటకూళ్ళ సుభద్రమ్మ ఇంట్లో తిన్నారు. గీసేది ఆ ఇంటినే. పెంకులు కారే వంకర ఇల్లు. పొగచూరిన గోడలు. "దీంట్లో చూడ్డానికేముందండీ?" అని పిల్లలు నవ్వేవాళ్ళు. ఆవిడ కూడా నవ్వి, వంటింటి గుమ్మం దగ్గర సుద్దముక్కతో ఒక చుక్క పెట్టేవారు. ఆ చుక్కేమిటండీ అంటే, "ఆకలేసినప్పుడు చెబుతా," అనేవారు. చదువయిపోయింది గాని ఆ చుక్క సంగతి ఎవరికీ చెప్పలేదు.

వకుళ లేచి తామర పలకని తోసి లోపలికి వెళ్ళింది.

అవతల ఇరుకు దారి, ఆ తరవాత కిందికి నలభై రెండు మెట్లు. కాగితం మీద గీసినప్పుడు అవి వేలెడంత ఉన్నాయి. మెట్ల మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. కంచాలు పెట్టినామె పిక్క నొక్కుకుంటోంది. చీరకి గుచ్చిన బిళ్ళ మీద నూకరత్నం అని పేరు ఉంది.

"ఏటి కావాలమ్మా? గంట నొక్కితే మేమే వత్తాం కదా."

"నొక్కాను."

"అయితే పాడైపోనాది. నిన్ననే చెప్పినాం, ఎవులింటారు."

"అన్నం పెట్టాక ఒక మనిషి అక్కడే నిలబడొచ్చు కదా?"

నూకరత్నం నవ్వింది. "ఎక్కడ నిలబడమంటారమ్మా? మొదట్లో నానూ స్తంభం కాడ నిలబడ్డాను. ఫోటోల్లో పడతన్నావు, లోపలికి పో అన్నారు మేనేజరుగారు. లోపల్నించి నాకేటి కనబడతాది? ఎవులి కంచంలో అన్నం అయిపోనాదో ఆ గోడకేటి తెలుసు? ఈ మెట్లు కట్టినోలెవులో గాని, ఆలింట్లో ఎవులూ మారు అడగరు కాబోలు."

మిగతా ఇద్దరూ పకపకా నవ్వారు. వకుళ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "అన్నం గిన్నె ఇలా ఇవ్వమ్మా," అంది. వంటింట్లోకి దిగి పొగలు కక్కే అన్నమూ నేతి గిన్నే తీసుకుని వెనక్కి ఎక్కడం మొదలుపెట్టింది. ఇరవయ్యో మెట్టు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. గోడకి భుజం ఆనించి ఊపిరి తీసుకుంటుంటే, పొద్దుట్నుంచీ తను ఏమీ తినలేదని, పైన తన కంచం కూడా ముట్టుకోలేదని తెలిసింది. ఆకలి వేస్తోంది. అప్పుడు ఆ సుద్దముక్క చుక్క ఆమె కళ్ళ ముందు నిలిచింది. అక్కడ ఒక మనిషి నిలబడేది. తలుపు చెక్కకి భుజం ఆనించి, ఒక చేత్తో గరిటె పట్టుకుని, అన్ని విస్తళ్ళనూ ఒక్క చూపులో చూస్తూ. వకుళ మిగతా మెట్లు గబగబా ఎక్కింది.

తాయారమ్మగారు ఎండిన చేత్తో అలాగే కూర్చుని ఉన్నారు. గోడలోంచి వచ్చిన మనిషిని చూశారు. కొంగు నడుముకి దోపుకుని, జుట్టు రేగిపోయి, చెమటలు కారుతూ, చేతిలో పొగలు కక్కే గిన్నె. ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలాగా విప్పారింది.

"వచ్చావా, సుభద్రత్తయ్యా! ఇవాళ ఇంత ఆలస్యం చేశావేం?"

వకుళ నిలబడిపోయింది. ఇంత దూరం తీసుకొచ్చింది దేనికి? ఇది ఎవరు కట్టారో ఆవిడకి తెలియదు. ఎదురుగా ఉన్నది ఎవరో కూడా తెలియదు. నేనండీ, వకుళని, అందామని నోటిదాకా వచ్చింది. కాని చెయ్యి ఎండిపోయి ఉంది, అన్నం వేడిగా ఉంది.

"పని ఎక్కువైందమ్మా," అంది. "మారు వేసుకో."

నెయ్యి అన్నం మీద పడీ పడగానే కరిగింది. తాయారమ్మగారు కలుపుకుని తిన్నారు. చారు పోయించుకున్నారు, పెరుగు దగ్గర "ఇంక చాలు" అంటూ చెయ్యి అడ్డం పెట్టి, ఆ వేళ్ళ సందుల్లోంచే ఇంకో గరిటె వేయించుకున్నారు. అంతసేపూ వకుళ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆరేళ్ళలో ఆమె ఆ హాలుని ఎన్నో చోట్ల నిలబడి చూసింది గాని అక్కడి నుంచి ఎప్పుడూ చూడలేదు. అక్కడి నుంచి సముద్రం కనపడదు. కంచాలు కనపడతాయి. అవతలి బల్ల దగ్గర ఒక పెద్దాయన ఖాళీ గ్లాసు పట్టుకుని గోడలవైపు బిక్కమొహంతో చూస్తున్నాడు. వకుళ వెళ్ళి నీళ్ళు పోసింది. ఆయన, "సల్లగా ఉండు తల్లీ" అన్నాడు. ఆయనకీ ఆమె ఎవరో తెలియదు.

తిరుగు దారిలో తలపాగాల వాళ్ళు మళ్ళీ వంగి దండం పెట్టారు. మెట్లు దిగేటప్పుడు తాయారమ్మగారు వకుళ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కింద గాలికి కొంగు ఎగిరింది. దాన్ని సర్దుకోబోయిన ఆవిడ వేళ్ళకి ముడి తగిలింది. ఆగిపోయారు. దాన్ని తడిమి తడిమి చూశారు.

"ఇది దేనికి వేశానే, వకుళా?"

తన పేరు విని వకుళ ఆవిడ చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "నేను కట్టింది చూడాలని వేసుకున్నారండీ."

"చూశామా?"

"చూశారు."

తాయారమ్మగారు వెనక్కి తిరిగి కొండ మీదికి చూశారు. పడమటి ఎండ పడి ఎర్రరాళ్ళు నిప్పు కణికల్లాగా ఉన్నాయి. ఆవిడ చాలాసేపు చూశారు. వకుళ అప్పటికీ ఎదురుచూస్తూనే ఉంది. ఆ మాట రాలేదు. పని అయిపోయిందిగా అని, తనే మెల్లగా కొంగు అందుకుంది.

"ముడి విప్పనా అండీ?"

ఆవిడ కొంగు వెనక్కి లాక్కున్నారు.

"ఉండనీ," అన్నారు. "మళ్ళీ రావాలి కదా."