ఏటికి అవతల జరిగిన సభ

మణిగిరిని ఏలే రణధీరభూపతికి ఒకటే పట్టుదల పట్టుకుంది. వానాకాలం వచ్చేలోగా ఏటి మీద రాతి వంతెనకు పునాది పడాలి. కిందటేడు వరదలో పడవ బోల్తాపడి, సంతకు వస్తున్న జనం కొట్టుకుపోయారు. ఆ ఏడుపులు రాజు చెవుల్లోంచి ఇంకా పోలేదు.

వంతెన సంగతి కలిసి తేల్చమని ముగ్గురు పండితులతో సభ వేశాడు. రాతికట్టడాలు తెలిసిన స్థపతి విశ్వంభరాచార్యులు, ఏటి పోకడ ఎరిగిన సాంబశాస్త్రి, ముహూర్తాలు పెట్టే నారసింహ సిద్ధాంతి.

కలవడమైతే రోజూ కలిశారు. తేల్చడమే లేదు.

"నీటి వడి ఎంతో శాస్త్రిగారు చెబితే చోటు నేను చెబుతాను" అనేవాడు స్థపతి.

"చోటు తెలియందే వడి ఎలా చెప్పను?" అనేవాడు శాస్త్రి.

"మీరిద్దరూ ఒక మాట మీదికి వస్తే ముహూర్తం ఎంతసేపు!" అని సిద్ధాంతి తమలపాకులకు సున్నం రాసుకునేవాడు.

అసలు భయం వేరు. రేపు వంతెన కూలితే, "అక్కడ కట్టమన్నది ఎవరు?" అని రాజు అడుగుతాడు. అప్పుడు తన పేరు బయటికి రాకూడదని ఎవరికి వారే అనుకున్నారు. ముగ్గురి తెలివీ అందుకే ఖర్చయిపోతోంది.

చలికాలం పోయింది. ఎండలూ ముదిరాయి. "ఇంకా చర్చిస్తున్నాం మహాప్రభూ" అని స్థపతి విన్నవించగానే, ఆస్థాన చమత్కారి బయ్యన్న పకపకా నవ్వాడు.

స్థపతికి ఒళ్లు మండింది. "పెద్దలు కూర్చుని నిర్ణయం చేయడమంటే నీ హాస్యాలనుకున్నావా? చేతనైతే నువ్వే తేల్చు!"

"నావల్ల ఏమవుతుంది స్వామీ, తేల్చవలసింది మీరే. ఒక్కరోజు సభ అవతలి గట్టున పెట్టండి. మామిడితోటలో విందు సంగతి నేను చూసుకుంటాను."

విందనగానే ముగ్గురూ సరేనన్నారు. ఆ సభ చేసిన మొట్టమొదటి నిర్ణయం అదే.

పడవలో వెళ్లారు, సుష్టుగా తిన్నారు, చెట్ల నీడన కునుకు తీశారు. ఉరుము వినబడి లేచేసరికి ఆకాశం నల్లబడింది. ఎగువన ఎక్కడో వాన పడ్డట్టుంది, ఏట్లో ఎర్రనీళ్లు దిగుతున్నాయి. రేవుకు పరుగెత్తి చూస్తే పడవ ఊరివైపు గట్టున కట్టేసి ఉంది. పడవవాడు పోలయ్య తన ఇద్దరు తోటివాళ్లతో తీరిగ్గా కూర్చున్నాడు. పక్కన గొడుగు కింద రాజు, బయ్యన్న.

"ఒరేయ్ పోలయ్యా, పడవ తేరా!" అని స్థపతి గొంతు చించుకున్నాడు.

"తెస్తాం సామీ! ముగ్గురం చర్చించుకుంటున్నాం. గడ వేసేవాడు ముందు చెప్పాలని నేనంటాను, తెడ్డు వేసేవాడు చెప్పాలని వాడంటాడు!"

"నీళ్లు పెరుగుతున్నాయిరా!"

"ఆ ముక్క కూడా సభలో పెడతాం సామీ!"

బయ్యన్న చేతులు నోటికి అడ్డం పెట్టి కేకేశాడు:

"తొందరపడకండి స్వామీ! పడవ మునిగితే తప్పెవరిదో ముందు తేలాలి కదా!"

రాజు నవ్వు ఆపుకుని అరిచాడు. "వంతెన ఎక్కడో చెప్పండి, పడవ వస్తుంది!"

మళ్లీ ఉరిమింది. స్థపతి శాస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. "ఎగువన బండల దగ్గర కడదాం. ఏరు సన్నం, అడుగున గట్టి రాయి."

"అక్కడ వడి ఎక్కువ. కమానులు వెడల్పుగా పెట్టాలి."

"పెడతాను. స్తంభాలు ఎదురునీటికి మొనదేలి ఉండేలా చెక్కిస్తాను."

"అయితే నిలుస్తుంది!"

ఇద్దరూ సిద్ధాంతి వైపు తిరిగారు. ఆయన అప్పటికే మోకాళ్ల దాకా తడిశాడు. "రేపు తెల్లవారగానే దివ్యమైన ముహూర్తం!"

స్థపతి అదంతా కేకేసి రాజుకు చెప్పాడు.

"ఎవరిదీ నిర్ణయం?" అని రాజు అరిచాడు.

"మా ముగ్గురిదీ మహాప్రభూ! ముగ్గురం చేవ్రాలు పెడతాం, పడవ పంపండి!"

పడవ వెళ్లి ముగ్గురినీ తెచ్చింది. తడిసి ముద్దయిన పండితులు గట్టెక్కుతుంటే రాజు ఆశ్చర్యంగా అడిగాడు. "ఇన్ని నెలలుగా తేలనిది ఇంతలో ఎలా తేలింది బయ్యన్నా?"

"ఇన్నాళ్లూ సభలో వంతెన అవసరమైనవాళ్లు ఒక్కరూ లేరు మహారాజా. ఇవాళ ముగ్గురున్నారు!"

రాజు పడీపడీ నవ్వాడు. పడవవాళ్లు నవ్వారు. చివరికి సాంబశాస్త్రీ నవ్వేశాడు. విశ్వంభరాచార్యులు మాత్రం తల వంచుకుని ఉత్తరీయం పిండుకుంటూ ఉంటే, రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి బయ్యన్న మెడలో వేశాడు.