పెళ్ళి వాయిదా వేసిన లెక్కల పాస్టరు

అనగనగా మనకి చాలా దూరాన, పొద్దస్తమానం వాన జల్లు పడే ఐర్లాండ్ దేశంలో, ఒక లెక్కల మేష్టారు ఉండేవాడు. పేరు ఆంబ్రోస్. దుప్పటి కప్పుకుని విను బంగారం.

ఆయన కాలేజీలో ఒక వింత కట్టుబాటు. పాఠం చెప్పేవాళ్ళు పాస్టర్లు కూడా అవ్వాలి, పెళ్ళి మాత్రం చేసుకోకూడదు. చేసుకోవాలంటే కాలేజీ వదిలెయ్యాలి. ఏ పల్లెలోనైనా చర్చిలో పాస్టరు చోటు ఖాళీ అయితే అక్కడికి పాస్టరుగా పోవాలి.

మన మేష్టారికేమో లెటీ అంటే ప్రాణం. గడియారాలు బాగుచేసే ఆయన కూతురు. "చర్చి దొరకగానే పెళ్ళి" అని మాటిచ్చాడు. ఆ పిల్ల సరేనంది.

అప్పుడు ఒక చర్చి ఖాళీ అయింది. ఆయనేమో పెద్ద లెక్కలో తలమునకలుగా ఉన్నాడు. "ఇది తేలనీ లెటీ, ఇంకోటి రాకపోతుందా" అన్నాడు. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది.

ఆ తర్వాత ఇంకో చర్చి ఖాళీ అయింది. అప్పటికి లెక్క పెరిగి పుస్తకమై కూర్చుంది. "అచ్చుకి వెళ్ళాక చూద్దాం" అన్నాడు. ఈసారి ఆ పిల్ల నవ్వలేదు. ఆయన తలెత్తి చూస్తేగా తెలియడానికి! ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. ఒకరోజు కాలేజీవాళ్ళు ఆ కట్టుబాటే తీసేశారు. ఇక పెళ్ళీ చేసుకోవచ్చు, పాఠాలూ చెప్పుకోవచ్చు! మేష్టారు గొడుగు కూడా మర్చిపోయి, వానలో లెటీ ఇంటికి పరిగెత్తాడు.

అప్పుడు లెటీ తలుపు తీసింది. జుట్టు నెరిసింది పాపం. తల తుడుచుకోమని తువ్వాలిచ్చింది. ఆయన చెప్పిందంతా నిదానంగా విన్నది.

"నేను కాచుకున్నది చర్చి కోసం కాదండీ. ఒక్కసారైనా నా కోసం లెక్క మధ్యలో లేచి వస్తారేమోనని చూశాను" అంది.

"ఇప్పుడు వచ్చాను కదా లెటీ!"

"ఇప్పుడు దేన్నీ వదులుకోనక్కర్లేదు. అందుకని వచ్చారు."

మేష్టారు తువ్వాలు మడిచి ఇచ్చేసి, వానలోకే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పాస్టరుగా ఆయన ఎందరికో పెళ్ళిళ్ళు చేశాడు. ఏ జంటైనా వచ్చి "వచ్చే ఏడు చేసుకుంటాం" అంటే చాలు, "వద్దమ్మా, ఇవాళే చేసుకోండి" అని బతిమాలేవాడట. వాళ్ళు చేతులు పట్టుకుని వెళ్ళిపోయాక, చర్చిలో ఒక్కడే చాలాసేపు కూర్చునేవాడట.

కథ పోయె కంచికి,
వాన పోయె ఇంటికి,
కునుకొచ్చె కంటికి,
నువ్వు జరుగు పక్కకి.