ఆవలి ఒడ్డున తవిటమ్మ

గంగలో అలలు లెక్కపెట్టినవాడు లేడు, కాశీలో కథలు లెక్కపెట్టినవాడూ లేడు. ఆ కథల్లో ఒకటి మాత్రం మన నాగావళి నీళ్ళు తాగి పెరిగింది. చెబుతాను, సర్దుకుని కూర్చోండి.

అనగనగా, రైళ్ళు లేని రోజుల్లో, బాటలు కూడా సరిగా లేని రోజుల్లో, నాగావళి ఒడ్డున పొగడవలస అని ఒక ఊరు. ఆ ఊళ్ళో తవిటమ్మ అనే మంత్రసాని ఉండేది. ఇదేం పేరు అంటారేమో. ఆమెకి ముందు పుట్టినవాళ్ళంతా పురిట్లోనే పోయారు. అందుకని ఈమె పుట్టగానే తల్లి చేటెడు తవుడు తీసుకుని బిడ్డని పొరుగింటావిడకి అమ్మేసి, మళ్ళీ తెచ్చుకుంది. అలా చేస్తే, ఇదేదో విలువలేని పిల్ల అనుకుని చావు పక్కనించి వెళ్ళిపోతుందని నమ్మకం. వెళ్ళిపోయింది కూడా. పిల్ల బతికింది. బతికి ఊరిని బతికించింది.

పొగడవలసలో మీసం నెరిసిన మగవాడి దగ్గర్నుంచి ఉయ్యాల్లో ఉన్న పసిదాని దాకా అందరూ ఆమె చేతుల్లోకే పుట్టారు. ఎవరింటి నుంచి కబురొచ్చినా చేతులు కడుక్కుని బయల్దేరేది. వానైనా బయల్దేరేది, జ్వరంగా ఉన్నా బయల్దేరేది. గుమ్మంలో మగవాళ్ళు కంగారు పడుతుంటే ఒకటే మాట అనేది.

"ప్రాణాలు రెండు, చేతులు రెండు. సరిపోతాయి. అడ్డం లేవండి."

అన్నిసార్లూ సరిపోలేదు. కొన్నిసార్లు బిడ్డ జారిపోయింది, కొన్నిసార్లు తల్లి. ఆ రోజుల్లో తవిటమ్మ అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా లేచిపోయేది. వయసు మీద పడేసరికి ఆమె మనసులో ఒకే కోరిక మిగిలింది. పక్కింటి గురువమ్మతో చెప్పింది.

"వదినా, పుట్టడం ఎంత కష్టమో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. తల్లికి కష్టం, బిడ్డకి కష్టం. నేను మళ్ళీ పుట్టను. కాశీ పోతాను."

"కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అంటారు వదినా."

"అందుకే పోతానంటున్నాను."

గురువమ్మ ఆలోచించింది. ఆమె కూడా ఒంటిదే. "నువ్వెళ్ళిపోతే నేనెవరితో దెబ్బలాడను? నేనూ వస్తాను" అంది.

ఊరంతా కదిలొచ్చింది. తవిటమ్మ పురుడు పోసిన ప్రతి ఇంటినుంచీ గుప్పెడు అటుకులు తెచ్చి ఆమె మూటలో పోశారు. మూట కాస్తా బస్తా అయింది. "మోయలేనర్రా" అంటే, "నువ్వు మమ్మల్ని మోశావు కాదేటి" అన్నారు. ఇద్దరూ ఏడుస్తూ నవ్వుతూ బయల్దేరారు. వంశధార దాటారు. మహానది దాటారు. శోణ దాటారు. కాళ్ళు పగిలి, ఎండి, మళ్ళీ పగిలి, చివరికి కాశీ చేరారు.

కాశీ అంటే ఏమిటో ఇక్కడ కాస్త చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత సంగతి తెలీదు. ఒక పక్క వరణ అని ఏరు, ఒక పక్క అసి అని ఏరు. ఆ రెండింటి మధ్య ఉంది గనక వారణాసి అన్నారు. ఎంత పాతదో చెప్పగలిగినవాళ్ళు లేరు. రాజులు వచ్చారు, పోయారు. గుళ్ళు కూలాయి, మళ్ళీ లేచాయి. ఊరు మాత్రం గంగ ఒడ్డున అలాగే కూర్చుని ఉంది. ప్రళయం వచ్చి లోకం మునిగినా శివుడు ఆ ఊరిని త్రిశూలం మీద ఎత్తి పట్టుకుంటాడంటారు. అక్కడ ప్రాణం పోయేటప్పుడు ఆయనే వచ్చి కుడిచెవిలో తారకమంత్రం చెబుతాడంటారు. మనిషికీ చెబుతాడు, చీమకీ చెబుతాడు. విన్న ప్రాణి మళ్ళీ పుట్టదు.

ఇదంతా గంగకి ఈవలి ఒడ్డు. ఆవలి ఒడ్డు సంగతి వేరు. వ్యాసమహర్షికి ఒకసారి కాశీలో భిక్ష దొరకలేదట. ఆకలి మీద ఊరిని శపించబోయాడు. శివుడు కోపించి ఊరు దాటి పొమ్మన్నాడు. ఆయన గంగ దాటి, ఆ ఒడ్డున తనే మరో కాశీ కట్టబోయాడు. అప్పుడు అమ్మవారు ముసలిదాని వేషంలో వచ్చి, "నాయనా, ఇక్కడ చస్తే ఏమవుతుంది?" అని అడిగింది. ముక్తి వస్తుందన్నాడు. చెవుడు నటించి మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. మూడోసారీ అడిగేసరికి విసుగొచ్చి, "గాడిదవవుతావు" అన్నాడు. ఋషి నోటి మాట కదా, వెనక్కి రాదు. అప్పట్నుంచీ ఆ ఒడ్డున చచ్చినవాళ్ళు గాడిదలై పుడతారని లోకంలో ఉండిపోయింది.

అందుకే తెలుగు సత్రం పురోహితుడు చయనులుగారు ఇద్దరిచేతా గంగనీళ్ళు పట్టించి, ఇక కాశీ దాటబోమని సంకల్పం చెప్పించారు. "కాలు పొరపాటున కూడా పడవలో పెట్టకండమ్మా" అని మరీ మరీ చెప్పారు.

సత్రం వసారాలో ఒక మూల వాళ్ళ కాపురం. పొద్దున గంగలో మునక, మధ్యాహ్నం అన్నపూర్ణమ్మ పేరు చెప్పి ఎవరో పెట్టిన అన్నం, సాయంకాలం మెట్లమీద కూర్చుని ఎదుటి ఒడ్డు చూస్తూ కబుర్లు.

"ఆ గాడిదల్లో ఎవరెవరున్నారో వదినా" అనేది గురువమ్మ.

"మీ ఆయనున్నాడేమో చూడు. నడక అలాగే ఉంది" అనేది తవిటమ్మ.

అలా కొన్నేళ్ళు గడిచాయి. తవిటమ్మ చిక్కిపోయింది. దగ్గు పట్టుకుంది. ఒక శ్రావణమాసంలో, "ఇంకెంతో లేదు వదినా, శివుడు దగ్గరికొచ్చేశాడు" అని సంతోషంగా చెప్పింది కూడా.

ఆ నెలలోనే గంగ పొంగింది. మెట్లు ఒక్కొక్కటే మింగుతూ పైకొచ్చింది. ఒకరోజు పొద్దున్నే, ఆవలి ఒడ్డున ఉండే బుధువా అనే పడవవాడు తడిసిపోయి సత్రానికి వచ్చాడు. వాడి భాష వేరు. ఇన్నేళ్ళలో తవిటమ్మకి అది పట్టుబడింది. మనం మన భాషలోనే చెప్పుకుందాం.

"అమ్మా, నా పెళ్ళానికి నొప్పులు. తొలి కాన్పు. నువ్వు మంత్రసానివట. రావాలి."

"నేను కాశీ దాటను నాయనా. ఊళ్ళో ఇంకా ఉన్నారు, అడుగు."

"అందర్నీ అడిగాను. ఈ నీళ్ళు చూసి పడవ ఎక్కలేమంటున్నారు."

తవిటమ్మ వేణ్ణీళ్ళ కాపడం ఎలా పెట్టాలో, ఆముదం ఎక్కడ రాయాలో చెప్పి పంపింది. వాడు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు.

"అమ్మా, మా అమ్మ తడిమి చూసింది. బిడ్డ అడ్డం తిరిగిందంటోంది. రావాలి."

"ఆమెనే పడవలో పడుకోబెట్టి ఇటు తీసుకురా. ఈ ఒడ్డున నేను చూస్తాను."

"కదిలిస్తే ప్రాణం పోయేలా ఉందమ్మా."

తవిటమ్మ తల దించుకుంది. గురువమ్మ అడ్డం వచ్చి, "సంకల్పం చెప్పుకున్న మనిషిని అలా అడగకూడదు బాబూ, పో" అంది. వాడు వెళ్ళాడు. తవిటమ్మ అన్నం కలిపింది. ముద్ద ఎత్తలేదు.

పొద్దు వాలుతుండగా మూడోసారి వచ్చాడు. ఈసారి రమ్మనలేదు.

"అమ్మా, నా పెళ్ళాం చెప్పి రమ్మంది. ఆ పెద్దమ్మ ముక్తి కోసం అంత దూరం నడిచి వచ్చిందట, ఇక అడిగి బాధపెట్టొద్దు, మన రాత ఎలా ఉంటే అలా అవుతుంది అంది. అది చెప్పడానికే వచ్చాను. నువ్వు బెంగపెట్టుకోకు."

తవిటమ్మ లేచి చేతులు కడుక్కుంది.

"ఏటి వదినా, మతి పోయిందేటి?" అని గురువమ్మ చెయ్యి పట్టుకుంది. "నీ ఒంట్లో ఏముందని? అక్కడే కన్ను మూస్తే గాడిదవవుతావు. మూడు నదులు దాటింది ఇందుకా?"

"నాకు భయంగానే ఉంది వదినా. కానీ నొప్పుల్లో ఉండి నా గురించి ఆలోచించిందే ఆ పిల్ల. దానికి ఏమైనా అయితే, శివుడు చెవిలో ఏం చెప్పినా నాకు వినబడదు. ప్రాణాలు రెండు, చేతులు రెండు. అడ్డం లే."

గురువమ్మ లేచింది.

పడవలో తవిటమ్మ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. గుళ్ళు చిన్నవైపోతున్నాయి.

"బుధువా, కాశీ ఎక్కడ అయిపోతుంది?"

"నీళ్ళలో గీత ఎవరు గీశారమ్మా?"

"గీత వస్తే చెప్పకు. కళ్ళు మూసుకుంటాను."

ఆవలి ఒడ్డున గుడిసెలో ఆ అమ్మాయి పెదవులు నల్లబడి పడి ఉంది. తవిటమ్మ పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసింది. చెయ్యి వేయగానే దగ్గు మరిచిపోయింది, గాడిదను మరిచిపోయింది. ఆముదం రాసి, నెమ్మదిగా, పిండి మర్దించినట్టు బిడ్డను లోపలే తిప్పింది. ఒక నొప్పికి కొంచెం, ఇంకో నొప్పికి కొంచెం. "ముక్కకు తల్లీ, ఊపిరి పీల్చు. నేనెక్కడికీ పోను" అంది. బిడ్డ తిరిగింది. ఆడపిల్ల పుట్టింది. తల్లి కళ్ళు తెరిచింది. రెండు ప్రాణాలూ నిలిచాయి.

తవిటమ్మ మాత్రం గోడకి చేరగిలబడి లేవలేకపోయింది. ఒళ్ళు పేలిపోతోంది. బయట గంగ ఇంకా పొంగింది. చెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి. బుధువా తెడ్డు తీశాడు.

"అమ్మా, నిన్ను ఆ ఒడ్డుకి చేరుస్తాను. పడవలో పడుకో."

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆమె వెళ్ళవచ్చు. వాడు తీసుకెళతానన్నాడు. దాటితే ముక్తి. తవిటమ్మ ఎదుటి ఒడ్డు చూసింది. పొంగుతున్న నీళ్ళని చూసింది. తల్లి పక్కన మూలుగుతున్న పసిగుడ్డుని చూసింది.

"తెడ్డు దించు" అంది. "ఇవాళ పుట్టిన పిల్లకి తండ్రి ఉండాలి. నన్ను కాశీ కనిపించేలా తిప్పి పడుకోబెట్టండి, చాలు."

గుమ్మంలో చాప వేసి, కాశీ వైపు తిప్పి పడుకోబెట్టారు. తెల్లవారి గుళ్ళ మీద ఎండ పడుతుండగా ఊపిరి తగ్గింది. బాలింతకి మంత్రాలు రావు. ఈవిడ చెవిలో ఎవరో ఏదో చెప్పాలని మాత్రం తెలుసు. ఏం చెప్పాలో తోచక పాకుతూ వచ్చి, పసిదాన్ని ఆమె కుడిచెవి పక్కన పడుకోబెట్టింది. పిల్ల గట్టిగా ఏడ్చింది. తవిటమ్మ నవ్వింది. ఆ నవ్వుతోనే పోయింది. ఆ చెవిలో శివుడు చెప్పాడో లేదో మనకి తెలీదు. పిల్ల ఏడుపు మాత్రం పడింది.

వరద తీశాక గురువమ్మ చయనులుగారి దగ్గరికి వెళ్ళింది.

"మా వదినకి ముక్తి వచ్చిందా బాబూ?"

"ఆ ఒడ్డున పోతే ఏమవుతుందని పెద్దలన్నారో చెప్పగలనమ్మా. అబద్ధం చెప్పలేను. శివుడు ఏం చేశాడంటావా, అది నాకు తెలీదు" అన్నారు. ఆయన కళ్ళు కూడా తడిసి ఉన్నాయి.

"అయితే చూసొస్తాను" అని గురువమ్మ పడవ ఎక్కింది. బుధువాతో, "తొందరగా తీసుకెళ్ళి తొందరగా తీసుకురా. మధ్యలో చచ్చిపోయేను" అంది.

ఆవలి ఒడ్డున చాకలివాళ్ళ గాడిద ఒకటి ఈనింది. పిల్ల ఇంకా కాళ్ళమీద నిలబడలేక ఊగుతోంది. అది తవిటమ్మేనా? ఎవరికి తెలుసు? గురువమ్మ దాని ముందు చతికిలబడి, చెవులు సవరించి, "వదినా, బాగున్నావా? పుట్టడం మళ్ళీ కష్టమైందా?" అని అడిగింది. అడిగి, ఏడ్చి, చీకటి పడకుండా కాశీకి తిరిగొచ్చింది.

ఈ సంగతి తిరుగు యాత్రికుల నోటి మీద పొగడవలస చేరింది. అప్పట్నుంచీ ఆ ఊరివాళ్ళు కాశీ వెళితే విశ్వనాథుణ్ణి చూస్తారు, అన్నపూర్ణని చూస్తారు, ఆ తర్వాత పడవ ఎక్కి ఆవలి ఒడ్డుకి వెళ్ళి, ఎదురొచ్చిన గాడిదకి దణ్ణం పెట్టి "బాగున్నావా అత్తా?" అని పలకరిస్తారు. అత్తో, పెద్దమ్మో, అమ్మమ్మో, ఎవరి వరస వాళ్ళది. తవిటమ్మ చేతుల్లో పుట్టినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ పిల్లల పిల్లలు కదా అంతా. ఊళ్ళో పురుడొచ్చిన ఇంట ఆ రోజు చాకలివాళ్ళ గాడిద మీద మూట వేయరు.

ఇంకొకటుంది. కోపమొచ్చి ఎవరైనా ఎవరినైనా "గాడిదా" అని తిడితే, పొగడవలసలో తిట్టు తిన్నవాడికి కోపం రాదు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, "అంతటివాణ్ణి కాను లెండి" అంటాడు.