ఆసు మీద ఊపిన తల

పెళ్లయి మల్లారం వచ్చిననాడు నవనీత దగ్గర ఉన్నవి పదకొండు వందల రూపాయలు, ఒక ఆసు చట్రం, ఎవరేది అడిగినా తలూపే అలవాటు.

మల్లారం మూసీ ఒడ్డున ఉన్న మగ్గాల ఊరు. అక్కడ మగవాళ్లు చీరలు నేసేవారు, ఆడవాళ్లు ఆసు పోసేవారు. ఆసు ఒక చెక్క చట్రం; నేతకు ముందు, రంగు అద్దాల్సిన నూలును దాని మీదే పేరుస్తారు. దానికి ఒక కొసన ఒంటి మేకు ఉంటుంది. ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరుస ఉంటుంది. ఒంటి మేకు నుంచి వరుసలోని ఒక్కో మేకుకు దారం తీసుకుపోయి, మళ్లీ వెనక్కి తేవాలి. ఒక్క చీరకు చేయి వేల సార్లు అలా తిరగాలి. మధ్యలో లెక్క తప్పితే చీర మీద పువ్వు రేకు పక్కకు జరుగుతుంది, చిలక మెడ వంకర పోతుంది. అందుకని ఆసు పోసేటప్పుడు ఆడవాళ్లు నోరు విప్పేవారు కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే తలూపి ఊరుకునేవారు.

నవనీత చేతికి లెక్క ఎన్నడూ తప్పలేదు. లెక్క సాగేకొద్దీ ఆమె కళ్లు సగం మూతపడేవి. దారం వానచినుకుల్లా కనిపించేది. ఆ వానలోంచి ఇంకా రంగు వేయని ఏనుగులు ఒకదాని వెనక ఒకటి నడిచి వచ్చేవి. మూసీ మీది పొగమంచు కిటికీలోంచి వచ్చి, చట్రం మీద వాలి, తెల్లటి పోగులుగా విడిపోయినట్టు ఉండేది. ఆ సమయంలో బయటి మాటలు ఆమెకు ఎక్కడో అవతలి ఒడ్డు నుంచి వినిపించేవి. ఆమె తలూపేది.

ఆ సంగతి వాడకట్టంతటికీ తెలుసు. నవనీత దగ్గర ఏదైనా కావాలంటే ఆసు మీద ఉన్నప్పుడు వెళ్లాలని ఆడవాళ్లు నవ్వుకునేవారు. అత్త ఈశ్వరమ్మ ఆమె పట్టుచీరను ఆడబిడ్డకు ఇచ్చేసింది ఆసు దగ్గర అడిగే. భర్త దామోదర్ ఇంటిని తల్లి పేరున రాయించింది కూడా ఆసు దగ్గర అడిగే. లెక్క పూర్తయి చేయి ఆగాక నవనీతకు ఒక్కోసారి దిగులేసేది. అయినా ఒప్పుకున్న మాటను మళ్లీ తిరగదోడడం మర్యాద కాదనుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం దామోదర్ వచ్చి చట్రం పక్కన కూర్చున్నాడు. అతను చెడ్డవాడు కాడు. కాకపోతే ఏడాదిగా ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. మగ్గం చప్పుడు ఆగితే ఇంట్లో ఏ చప్పుడూ ఉండేది కాదు.

"మనకు పొసగుతలేదు నవనీతా. ఎవరి బతుకు వాళ్లం చూసుకుందాం" అన్నాడు నేల చూస్తూ. "పాప ఇక్కడనే ఉంటది. రేపు పెద్దమనుషుల ముంగట కూసుందాం. సరేనా?"

నవనీత అప్పుడు ఇరవై ఏడో మేకు దగ్గర ఉంది. ఏనుగులు నది దాటుతున్నాయి. ఆమె తలూపింది.

నలభయ్యో మేకు దాటి, చేయి వెనక్కి తిరిగాక, ఆ మాటలు ఒక్కొక్కటిగా ఒడ్డుకు చేరాయి. ఆమె లేచి చూసేసరికి దామోదర్ వెళ్లిపోయాడు. వాకిట్లో నాలుగున్నరేళ్ల మైథిలి రంగునీళ్లలో పడవలు వదులుతోంది.

మర్నాడు కులసంఘం భవనంలో పన్నెండు మంది కూర్చున్నారు. వాళ్లలో పెద్దవాడు వీరస్వామి. ఊళ్లో ఎవరికి తగాదా వచ్చినా ఆయనే తీర్చేవాడు. స్టాంపు కాగితం అప్పటికే రాసి ఉంది. నవనీతకు ఆమె పెళ్లి సామాను, నలభై వేల రూపాయలు ఇస్తారట. పాప తండ్రి దగ్గర ఉంటుందట. ఇకమీదట ఆమె ఏ హక్కూ అడగదట.

"ఏం బిడ్డా, నీకు సమ్మతమేనా?" అని వీరస్వామి అడిగాడు.

నవనీత నోరు తెరవబోయింది. పన్నెండు ముఖాలు ఆమె వైపు తిరిగాయి.

"ఇంట్లనే ఒప్పుకుంది బాపూ" అన్నాడు దామోదర్.

కిటికీ బయట ఎవరో ఆరేసిన నూలు గాలికి ఊగుతోంది. ఆమె అటే చూసింది. అటు చూస్తూనే తలూపింది. అటు చూస్తూనే సంతకం పెట్టింది. ఆ కాగితంలో ఏముందో చదవలేదు. చదవనివ్వమని అడగలేదు.

ఊరి చివర తన మేనత్త ఇంటి వెనక గదిలో నవనీత కాపురం మొదలైంది. కూలికి ఆసు పోసేది. మైథిలిని చూద్దామని రెండుసార్లు పాత ఇంటికి వెళ్లింది. "కాగితం మీద సంతకం పెట్టినవు గదనే. మళ్ల ఎందుకొచ్చి పిల్లను బెంగటిల్లజేస్తవు?" అని ఈశ్వరమ్మ వాకిట్లోంచే పంపించేసింది. అంతటితో నవనీత వెళ్లడం మానేసింది. ఆమె లెక్కలో ఏనుగులు రావడం కూడా మానేశాయి. దారం తెల్లగా ఎటో వెళ్లేది, తెల్లగా తిరిగి వచ్చేది. ఆ తెలుపులో చిన్న పాదాలు వాకిలి దాటి పోతున్నట్టు కనిపించేది. ఆమె ఆ అడుగులు లెక్కపెట్టేది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా వెనక్కి వచ్చేవి కావు.

మూడు నెలలు గడిచాయి. ఒకనాడు అంగన్‌వాడీ టీచరు సువార్తమ్మ వచ్చింది. మైథిలి ఆమె దగ్గరికే వెళ్తుంది. సువార్తమ్మ గడప మీద కూర్చుని, ఎండకు కొంగుతో విసురుకుంది.

"నీ బిడ్డ గుడ్డు తింటలేదు" అంది. "దినాం గుడ్డు పెడితే జేబుల ఏసుకుంటుంది. ఎవరికే అంటే అమ్మకంటది. గౌనంతా వాసన."

నవనీత చేయి ఆగలేదు. కళ్లు మాత్రం నిండాయి. ఆమె తలూపింది.

సువార్తమ్మకు కోపం వచ్చింది. లేచి వచ్చి, చట్రం మీద తిరుగుతున్న ఆ చేతిని పట్టుకుంది. లెక్క చెదిరిపోయింది. మల్లారంలో ఇంకొకరి ఆసు మీద చేయి వేయడం చాలా పెద్ద తప్పు.

"తలూపకు. నోటితోని చెప్పు. నీ బిడ్డ నీకు కావాల్నా, వద్దా?"

ఆమె వేళ్ల నుంచి దారం జారిపోయింది. తర్వాత నవనీత, "కావాలె" అంది. ఆ మాట ఆమెకే కొత్తగా వినిపించింది.

మండల కేంద్రంలోని కోర్టులో న్యాయసేవల గది ఉందని సువార్తమ్మ చెప్పింది. అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారంది. వకీలుకు ఇవ్వడానికి తన దగ్గర ఏముందని నవనీత అడిగితే, ఆడవాళ్లకు అక్కడ ఫీజే ఉండదని, సంపాదన ఎంతని కూడా అడగరని చెప్పింది. సంతకం పెట్టేశాను కదా అని నవనీత గొణిగింది.

"అది పోయి వకీలును అడుగు. నేను పిల్లలకు పాటలు చెప్పేదాన్ని" అంది సువార్తమ్మ.

న్యాయసేవల గదిలో ఉన్న వకీలు పేరు మాధురీలత. ఆమె స్టాంపు కాగితాన్ని రెండు వైపులా చదివింది. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, తొందర లేకుండా చెప్పడం మొదలుపెట్టింది.

పెళ్లిని రద్దు చేసేది కోర్టు. ఇలా కాగితం రాసుకుని తెంచుకునే ఆచారం వాళ్ల కులంలో తరతరాలుగా ఉందని కోర్టులో రుజువు కావాలి. కాకపోతే ఈ కాగితంతో పెళ్లి తెగదు. ఇద్దరికీ ఇష్టమైతే, ఒక ఏడాది విడిగా ఉన్నాక, కలిసి కోర్టులో విడాకులు అడగవచ్చు. అడిగాక మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది. తీర్పు వచ్చేలోగా ఇద్దరిలో ఎవరి మనసు మారినా వెనక్కి తగ్గవచ్చు. ఒకరికి ఇష్టం లేకపోతే రెండోవాళ్లు చట్టం ఒప్పుకునే కారణం చూపించాలి. విడాకులు వద్దు, విడిగా ఉంటే చాలనుకుంటే దానికీ దారి ఉంది. తనను తాను పోషించుకోలేని భార్య భరణం అడగవచ్చు, బిడ్డ కోసం కూడా అడగవచ్చు. పుట్టింటి నుంచి ఆమెకు వచ్చిన వస్తువులు ఆమెవే. ఐదేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లి దగ్గరే ఉంచుతారు. ఆ పైన కూడా కోర్టు చూసేది బిడ్డ మేలునే. పెద్దలు రాసుకున్న కాగితం బిడ్డ మేలును మించదు.

నవనీత వింటూ ఉంది. ఆమెకు మళ్లీ చట్రం కళ్ల ముందు నిలిచింది. ఒంటి మేకు దగ్గర తాను నిలబడి ఉంది. ఎదురుగా అర్ధచంద్రంలా ఎన్నో మేకులు. ఇన్నాళ్లూ అటు ఒక్క మేకే ఉందనుకుంది. ఇప్పుడు ఒక్కో మేకుకు ఒక్కో రంగు దారం మెల్లగా సాగుతోంది.

"అన్నీ నీకు అనుకూలంగనే ఉన్నయని అనుకోకు" అంది మాధురీలత. "ఇల్లు మీ అత్త పేరున ఉంది. దాంట్ల వాటా రాదు. కాపురం చేసిన ఇంట్లనుంచి నిన్ను చట్టం ప్రకారం తప్ప వెళ్లగొట్టొద్దు, అంతవరకే. ఇంకా ఏమన్నా అడిగేదుందా?"

నవనీత తలూపబోయి ఆగింది. తర్వాత అడిగింది. ఒకటి అడిగితే దాని వెనక ఇంకొకటి వచ్చింది. పాపకు జ్వరమొస్తే ఎవరు ఆస్పత్రికి తీసుకుపోవాలి? బడిలో ఎవరి పేరు రాయించాలి? ఆయన మళ్లీ పెళ్లి చేసుకుంటే ఏమవుతుంది? విడాకులు కాకుండా చేసుకోవడానికి లేదని వకీలు చెప్పింది. తిరుగు బస్సులో కూర్చుని నవనీత వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పదిహేడు ప్రశ్నలు. పెళ్లయిన ఏడేళ్లలో అన్ని అడగలేదు.

ముందు న్యాయసేవల గదిలోనే దరఖాస్తు ఇచ్చారు. మాటలతో తేలకపోతే కోర్టుకు వెళ్దామని మాధురీలత చెప్పింది. నోటీసు అందుకుని దామోదర్ వచ్చాడు. అతనికి తోడుగా వీరస్వామి వచ్చాడు. పెద్దలు తేల్చిన మాట కోర్టు గుమ్మం ఎక్కిందని ఆయన ముఖం చిన్నబోయి ఉంది.

మధ్యవర్తిగా కూర్చున్న పెద్దాయన సంగతంతా విన్నాడు. పాపను ఎందుకు వదులుకున్నావని నవనీతను అడిగాడు. ఆమె నోరు తెరిచేలోగా దామోదర్ అందుకున్నాడు.

"మేం గుంజుకోలేదు సార్. నేనడిగిన. తలూపింది."

నవనీత అతని వైపు తిరిగింది. ఆమె గొంతు మెల్లగానే ఉంది.

"నేను ఆసు మీద ఉన్నప్పుడు అడిగినవు. ఆ తల ఊపింది లెక్క చెదరొద్దని. నీ మాటకు జవాబు కాదది. జవాబు ఇప్పుడు చెప్తున్న. నా బిడ్డ నాకు కావాలె."

వీరస్వామి కండువా తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆయన ఇంట్లోనూ ఆసు ఉంది. దాని ముందు ఆయన తల్లి కూర్చుంది, భార్య కూర్చుంది, ఇప్పుడు కోడలు కూర్చుంటోంది.

"మా ఇంట్ల గూడ గంతే" అన్నాడు చివరికి. "ఏదడగాలన్నా ఆసు కాడికే పోతం. ఎందుకంటే కాదనరు." ఆయన దామోదర్ భుజం మీద చేయి వేశాడు. "పిల్లను తల్లి కాడికి పంపురా. ఆనాడు తప్పు నేను జేసిన. ఆమెతో మాట అనిపించకనే రాయించిన."

దామోదర్ తన చేతులు చూసుకున్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. కొత్త ఒప్పందం రాశారు. మైథిలి తల్లి దగ్గర ఉంటుంది. తండ్రి నెలనెలా పాప ఖర్చుకు డబ్బిస్తాడు. వీలున్నప్పుడల్లా వచ్చి పాపను చూస్తాడు.

సంతకానికి కలం ఇచ్చారు. నవనీత కలాన్ని పక్కన పెట్టి కాగితం చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"వీలున్నప్పుడల్లా అంటే ఎప్పుడు?" అని అడిగింది. "ఆయన వస్తడని బిడ్డ ఎదురుచూస్తది. ఆదివారం పొద్దుగాల పదింటికి తీస్కపోయి సాయంత్రం ఐదింటికి దింపుతడని రాయండి."

మధ్యవర్తి చిన్నగా నవ్వి ఆ వాక్యం మార్పించాడు. అప్పుడు ఆమె సంతకం పెట్టింది. ఆ సాయంత్రమే మైథిలి తల్లి గదికి వచ్చింది. అటకా, కిటికీ, మంచం కింద అన్నీ చూసి, ఆ ఇంట్లోలా ఇక్కడ పిల్లి లేదేమని అడిగి, అమ్మ ఒళ్లో నిద్రపోయింది.

విడాకుల సంగతి ఇంకా తేలలేదు. విడిగా ఉండి ఏడాది నిండటానికి ఎనిమిది నెలలుంది. ఆ ఎనిమిది నెలలు నవనీతకు దూరంగా వెళ్లే తెల్లటి దారిలా కనిపించేవి. దాని చివర ఏముందో తెలియదు. కానీ అటు నడవాలో, ఆగాలో, వెనక్కి తిరగాలో చెప్పే నోరు ఇప్పుడు తనదే. అది తలచుకుంటే ఆమెకు భయం వేసేది కాదు.

సోమవారం పొద్దున పాపను సువార్తమ్మ దగ్గర దింపి, నవనీత బస్సు కోసం రోడ్డు మీద నిలబడింది. ఆసు పోసేవాళ్లకు కూడా తమ పేరున చేనేత గుర్తింపు కార్డు ఇస్తారా అని చేనేత ఆఫీసులో కనుక్కోవాలి. మూసీ మీద మంచు ఇంకా విడలేదు. అందులోంచి బస్సు మెల్లగా బయటికి వచ్చింది. ఆఫీసు కిటికీ దగ్గర ఏ మాటతో మొదలుపెట్టాలో ఒకసారి మనసులో అనుకుని, ఆమె బస్సు మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

బతుకును మార్చే మాటకు ఒప్పుకునే ముందు, చట్టం మనకు ఇచ్చిన హక్కులేమిటో, మన ముందున్న దారులెన్నో అడిగి తెలుసుకోవాలి. తెలియని హక్కు మనది కాకుండా పోతుంది.