లేనూరు పటం

బుడమగుంట మొత్తంలో తెలివంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని కోటిలింగం గట్టి నమ్మకం. ఇంట్లో ఉన్నది ముగ్గురు. కోటిలింగం బొమ్మలు గీస్తాడు, పెళ్ళాం అచ్చాయమ్మ రంగులు నూరుతుంది, తమ్ముడు పేరయ్య బొమ్మ ఆరిందా లేదా అని వేలు పెట్టి చూస్తాడు. ఆ వేలిముద్ర లేకుండా ఆ ఇంట్లోంచి ఒక్క బొమ్మ కూడా బయటికి పోలేదు. ఏ పని మొదలుపెట్టినా ముందు ముగ్గురూ తలకాయలు ఆనించుకుని కాసేపు నిలబడతారు. ఒకరి బుర్రలో పొంగిన తెలివి పక్కవాళ్ళ బుర్రలోకి దిగి అందరికీ సమానం కావాలని. ఈ కథ చెప్పే నాకూ తల్లి వైపున వాళ్ళ నెత్తురు కాస్త ఉందంటారు, అంచేత నవ్వడం నవ్వండి గానీ మరీ పగలబడి నవ్వకండి.

కోటిలింగానికి ఒక్కటే దిగులు. జుట్టు నెరుస్తోంది గానీ ఇంతవరకూ అతని బొమ్మ చూసి "బాగుంది" అన్న మనిషి లేడు. ఆవుని గీస్తే గాడిదనుకున్నారు. దొరగారి తండ్రిగారిని గీస్తే ఆవనుకున్నారు. "ఒక్కరంటే ఒక్కరు బాగుందంటే చాలే, కుంచె అటక మీద పడేసి హాయిగా పడుకుంటాను" అని పెళ్ళాంతో అంటూ ఉండేవాడు.

అలాంటివాణ్ణి ఒకరోజు దొరగారు పిలిపించారు. దొరగారి కూతురు రంగనాయకి జామచెట్టెక్కి, కింద పడి, కాలు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టి మంచం దిగనివ్వడం లేదు. ఆ పిల్ల నవ్వడం మానేసింది, అన్నం కూడా ముట్టడం లేదు. పొరుగూళ్ళ చిత్రకారులెవరూ సమయానికి దొరక్క, దొరగారు గత్యంతరం లేక కోటిలింగానికి కబురు పెట్టారు.

"ఒక ఊరి పటం గియ్యాలి. పిల్ల మంచంలోంచే ఆ వీధులన్నీ తిరగాలి. ఊరు మాత్రం ఈ లోకంలో ఎక్కడా లేనిదై ఉండాలి. పటం చూస్తే నూరేళ్ళ నాటిదిలా కనపడాలి. కింద సముద్రం, అందులో ఓ పెద్ద చేప, పైన ఉత్తరదిక్కు చూపించే చుక్క. తెలిసిందా?"

"తెలివంతా మా ఇంట్లో పెట్టుకుని తెలియకపోవడమేంటి దొరగారూ" అని దణ్ణం పెట్టి వచ్చేశాడు కోటిలింగం.

అంతే. ముగ్గురూ తలకాయలు ఆనించారు. "ఎక్కడా లేనిదన్నారు కదా అన్నయ్యా, లేదని ముందు రూఢి చేసుకోవద్దూ?" అన్నాడు పేరయ్య. వెన్నెలకోట అని ఊరికి పేరు పెట్టుకుని, చద్దిమూట కట్టుకుని, ఊరూరా తిరిగి "ఇది వెన్నెలకోట కాదు కదా?" అని అడుగుతూ పోయాడు. అందరూ కాదన్నారు. చివరికి ఓ రేవులో పడవవాడు వేళాకోళానికి, "వెన్నెలకోట లేకపోవడమేంటి, మా బావమరిది కాపరం అక్కడేగా" అన్నాడు. ఇంకేముంది, పెట్టిన పేరు కాస్తా వ్యర్థమైపోయింది. తలలు పట్టుకుని ఆలోచించి, ఎవరి బావమరిదీ కాపరం పెట్టలేని పేరు, లేనూరు అని పెట్టారు.

కోటిలింగం మందపాటి కాగితం పరిచి ఊరు గీశాడు. కోట, మేడలు, అంగళ్ళు, సముద్రం, చేప, చుక్క. నిజం చెప్పొద్దూ, ఈసారి చెయ్యి కుదిరింది. అచ్చాయమ్మ వంగి చూసి, "ఏవయ్యా, తలుపులన్నీ మూసే గీశావు. ఊళ్ళో వాళ్ళకి ఊపిరాడొద్దూ?" అంది. నిజమే కదా అని కత్తెర తీసుకుని ప్రతి ఇంటి వాకిలీ కత్తిరించాడు. పటం జల్లెడయింది. "ఇన్ని వాకిళ్ళు తెరిస్తే దొంగలు పడరూ?" అన్నాడు పేరయ్య. అదీ నిజమే. అన్నం మెతుకులు బెల్లప్పాకంలో పిసికి, కాగితం ముక్కలతో మళ్ళీ వాకిళ్ళన్నీ మూశారు.

ఇక నూరేళ్ళ నాటిదిగా చెయ్యడం మిగిలింది. "నూరేళ్ళు ఆగితే సరి" అన్నాడు పేరయ్య.

"అన్నేళ్ళెందుకు? నేను కాపరానికొచ్చిన పదేళ్ళకే ముసలిదాన్నయ్యాను, మీ అమ్మ తిట్లకి. దీన్నీ తిడదాం" అంది అచ్చాయమ్మ.

అంతే. పటాన్ని గోడకి తగిలించి ముగ్గురూ వంతులవారీగా అందుకున్నారు. "నీ వీధులు ఊడ్చే దిక్కు లేదు గానీ నీకు మేడలొకటా? నీ చేపకి ఈతొచ్చా? నీ చుక్క ఉత్తరం చూపిస్తూ కూర్చుంటే పనెవరు చేస్తారు?" అని మధ్యాహ్నం దాకా దులిపేశారు. పటం మీద ఒక్క ముడత పడలేదు. కోటిలింగం గొంతు మాత్రం పడిపోయింది.

ఆ దారిన పోతున్న దొరగారి గుమాస్తా ఆ గోల విని లోపలికొచ్చి, "చింతపండు నీళ్ళలో ముంచి, పొయ్యి పొగ పెట్టండయ్యా, పాతబడుతుంది" అని చెప్పి పోయాడు. మంచి మాటే. కానీ చింతపండు నీళ్ళు పొయ్యెక్కాక అచ్చాయమ్మ చెయ్యి ఊరుకుంటుందా? ఉప్పేసింది, బెల్లం వేసింది, ఇంగువ పోపు పెట్టింది. "పోపు లేకుండా దించితే మా పుట్టింటి పరువేం కాను?" అంది. లేనూరు ఆ పులుసులో కుతకుతా ఉడికి పైకి తేలింది. ఎండలో వేస్తే చీమలు పట్టాయి. తీరా చూస్తే రంగు మాత్రం అచ్చం తాతలనాటి పటంలా తిరిగింది. వేలిముద్ర వేసి పేరయ్య ఆరిందన్నాడు.

దొరగారు పటం చేతికి తీసుకుని, వాసన చూసి, ముక్కు మూసుకుని కూతురి మంచం మీద పెట్టారు. రంగనాయకి కళ్ళు పెద్దవి చేసి చూసింది. "నాన్నా, ఈ ఊళ్ళో జనం తిరుగుతున్నారు. అదిగో, సంతకి పోతున్నారు" అంటూ చీమల్ని చూపించి కిలకిలా నవ్వింది. చాలా రోజులకి ఆ ఇంట్లో వినపడిన నవ్వది. "బాగుంది కోటిలింగం" అంది.

కోటిలింగం పంచె కొంగుతో కళ్ళొత్తుకున్నాడు.

"నన్నీ ఊరికి తీసుకెళ్తావా?" అని అడిగింది పిల్ల. కూతురు నవ్విన సంబరంలో దొరగారు, "ఎందుకు తీసుకెళ్ళడూ? రేపే బండి కడతాడు" అన్నారు.

ఇంకేముంది. తెల్లారేసరికి దొరగారి వాకిట్లో బండి సిద్ధం. బండిలో బియ్యం, ఉప్పు, ఊరగాయ జాడీ. రంగనాయకి మంచాన్ని అరుగు మీద వేయించుకుని చూస్తోంది. దారి తెలియాలి కదా అని కోటిలింగం ఆ పిల్ల దగ్గర పటం అడిగి తీసుకున్నాడు. "మనం చూసి ఏం లాభం అన్నయ్యా? నడిచేది ఎద్దు. దారి దానికి తెలియాలి" అన్నాడు పేరయ్య. ఆ మాట కోటిలింగానికి నచ్చింది. పటం విప్పి ఎద్దు మొహానికెదురుగా పట్టుకున్నాడు.

ఎద్దు చూసింది. మూతి ముందుకు చాపి బెల్లం వాసన పట్టింది. చుక్కతో మొదలుపెట్టి, కోట, మేడలు, జనం సహా నమిలి, ఆఖరికి సముద్రం కూడా మింగి, పెదవులు నాకింది.

కోటిలింగం కూలబడిపోయాడు. "బతుకంతా కలిపి ఒక్క బాగుంది సంపాదించుకున్నాను. అదీ ఎద్దు పాలయింది" అని ఏడ్చాడు.

అచ్చాయమ్మ ఇద్దరి తలకాయల్నీ లాగి తన తలకి ఆనించుకుంది. "ఏడుస్తావేం? ఊరెక్కడికీ పోలేదు, లోపలుంది. లోపలికెళ్ళింది బయటికి రాక మానుతుందా?" అంది. ఆ మాటతో కోటిలింగం కళ్ళు తుడుచుకున్నాడు. దొరగారింట్లో చేట అడిగి తెచ్చుకుని ముగ్గురూ ఎద్దు పక్కన కాచుకుని కూర్చున్నారు. అరుగు మీద రంగనాయకి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నవ్వీ నవ్వీ ఆకలేసి, వంటమనిషిని పిలిచి అన్నం కలుపుకురమ్మంది. "కోటిలింగం, నిన్నటికన్నా ఇది ఇంకా బాగుంది" అని అక్కణ్ణించే కేకేసింది.

"విన్నావా తమ్ముడూ, ఊరు బయటికి రాకముందే రెండోసారి బాగుందంటున్నారు" అని కోటిలింగం పొంగిపోయాడు. "ముందు కోట వస్తుందంటావా, సముద్రం వస్తుందంటావా?"

"ఆఖర్న మింగింది సముద్రం కాబట్టి సముద్రమే అన్నయ్యా" అన్నాడు పేరయ్య.

ఎద్దు కాళ్ళు కాస్త ఎడంగా పెట్టింది. పేరయ్య లెక్క తప్పలేదు, ముందు సముద్రమే వచ్చింది. అన్నదమ్ములిద్దరి పంచెలూ తడిసిపోయాయి. అచ్చాయమ్మ మాత్రం వాళ్ళని పక్కకి నెట్టి, చేట పట్టుకుని చేప కోసం ఎద్దు కిందికి వంగింది.